చైనీస్ నిఘంటువు డిజిటల్ ప్రతులు: వెతకడానికి ఏది, తేల్చుకోవడానికి ఏది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు చైనీస్ భాషా పరీక్ష హెచ్ఎస్‌కేలో నాలుగో స్థాయి దాటారు. ఇక ఇంగ్లీషు అర్థాల మీద ఆధారపడటం తగ్గించి, చైనీస్‌కి చైనీస్‌లోనే అర్థం చెప్పే నిఘంటువు వాడదామనుకుంటున్నారు. మీ దగ్గర 'షియాన్‌దాయ్ హాన్యూ సిదియన్' అనే అలాంటి నిఘంటువు స్కాన్ పీడీఎఫ్ ఒకటి, తెలిసినవాళ్ళు ఇచ్చిన ఎండీఎక్స్ ఫైలు (నిఘంటువు ప్రోగ్రాముల్లో తెరిచేది) ఒకటి, ఫోన్లో ప్లెకో అనే చైనీస్ నిఘంటువు యాప్ ఉన్నాయి. పీడీఎఫ్‌లో సెర్చ్ పనిచేయడం లేదు. ఎండీఎక్స్‌లో అక్కడక్కడ ఖాళీ డబ్బాలు వస్తున్నాయి. యాప్ ఒక్కో మాటకి అరడజను ఇంగ్లీషు అర్థాలు చూపిస్తోంది. మూడింటిలో ఏది నమ్మాలి, అచ్చు పుస్తకం కొనాలా అని అడిగారు.

చైనా నుంచి వచ్చే యంత్రాల మాన్యువల్స్, ఒప్పంద పత్రాలు అనువదించడం నా పని. రోజంతా ఈ నిఘంటువుల మధ్యే ఉంటాను. నేను పాటించే పద్ధతి చెప్తాను: టెక్స్ట్ రూపంలో ఉన్న ప్రతితో మాటని వెతుకుతాను, పేజీ బొమ్మ మీద తేల్చుకుంటాను. ఈ రెండు పనులూ ఒకే ఫైలు చేస్తుందని ఆశించినంతకాలం మీ టెన్షన్ పోదు. కింద రాసేదంతా ఈ పద్ధతికి వివరణే. చైనీస్ మాటల్ని ఇక్కడ పిన్యిన్ (చైనీస్ పలుకుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి) స్పెల్లింగ్‌ని బట్టే రాస్తున్నాను. అసలు పలుకు ఎలా ఉంటుందో తర్వాత చెప్తాను.

ముందుగా మీ దగ్గరున్న ఫైలు దేన్నుంచి పుట్టిందో చూడండి. స్కాన్ పీడీఎఫ్ అంటే పేజీల ఫొటోలు. అందులో కనిపించేది పుస్తకంలో అచ్చయినదే కాబట్టి అక్షరం తప్పుపోదు, కానీ కంప్యూటర్‌కి అది బొమ్మే తప్ప మాట కాదు. ఎండీఎక్స్ లాంటి ఫైళ్ళు చాలావరకు ఎవరో ఆ పేజీల్ని ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్ చేత చదివించడం) చేసో, టైపు చేసో తయారుచేసిన టెక్స్ట్. క్షణంలో దొరుకుతుంది, కానీ దాన్ని ఎవరు సరిచూశారో, అసలు సరిచూశారో లేదో ఫైలులో రాసి ఉండదు. మూడోది ప్రచురణకర్తలే తెచ్చిన యాప్. నాలుగోది పుస్తకంతో సంబంధం లేకుండా పుట్టిన డేటాబేస్. ప్లెకోలో మీరు చూస్తున్న సీసీ-సెడిక్ట్ అనే చైనీస్-ఇంగ్లీషు నిఘంటువు ఈ కోవలోది. ఈ నాలుగూ పొసగవు, పొసగాల్సిన పని కూడా లేదు. వాటి పుట్టుకే వేరు.

తర్వాత ముద్రణ. షియాన్‌దాయ్ హాన్యూ సిదియన్‌ని చైనాలో అందరూ పొట్టిగా 'షియాన్‌హాన్' అంటారు. నేనూ అలాగే రాస్తాను. చైనా సామాజిక శాస్త్రాల అకాడమీలోని భాషాశాస్త్ర సంస్థ దీన్ని కూర్చింది, కమర్షియల్ ప్రెస్ వేసింది. అధికారికంగా మొదటి ముద్రణ 1978లో వచ్చింది. 2005లో అయిదోది, 2012లో ఆరోది, 2016లో ఏడోది. ఏడో దాంట్లో దాదాపు 70,000 ఆరోపాలు, అంటే అర్థం ఇచ్చిన మాటలు, ఉన్నాయి. చేతులు మారుతూ తిరిగే డిజిటల్ ప్రతుల్లో పాత ముద్రణలు చాలా ఎక్కువ. మీ పీడీఎఫ్ మొదట్లోనో చివర్లోనో ఉండే ప్రచురణ వివరాల పేజీ చూస్తే తేలిపోతుంది. ఎండీఎక్స్‌లో ఆ పేజీ ఉండదు కాబట్టి ఒక పరీక్ష పెట్టండి: 'గేలీ' అనే మాట వెతకండి. నెట్‌లో పుట్టి, అదిరింది అన్న అర్థంలో వాడుకలోకి వచ్చిన ఈ మాట 2012 ముద్రణలో చేరింది. అది దొరక్కపోతే మీది అయిదో ముద్రణో అంతకన్నా పాతదో అయ్యుంటుంది. ఇంకొకటి, ప్రతి ఆరోపానికి నామవాచకమా, క్రియా, విశేషణమా అని గుర్తు వేయడం పూర్తిస్థాయిలో మొదలైంది 2005 ముద్రణలోనే. మీ ఫైలులో ఆ గుర్తులు ఎక్కడా లేకపోతే అది 2005కి ముందుది, లేదా టెక్స్ట్ చేసినవాళ్ళు వాటిని వదిలేశారు. రెండింటిలో ఏదైనా, మీలాంటి స్థాయిలో ఉన్నవాళ్ళకి అది పెద్ద లోటే.

'జిదియన్', 'సిదియన్' ఒకటి కాదన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా చెప్తున్నాను. మొదటిది ఒక్కో అక్షరానికి అర్థం చెప్పేది, రెండోది మాటలకి. 1953లో మొదలైన 'షిన్హువా జిదియన్' మొదటి రకం. అక్కడి బడిపిల్లలందరి సంచీలోనూ ఉండే చిన్న పుస్తకం అది. అందులో రెండక్షరాల మాట దొరకలేదంటే మీ ఫైలు పాడైందని కాదు.

ఇప్పుడు మీ పీడీఎఫ్ సంగతి. సెర్చ్ లేకపోయినా దాన్ని పుస్తకంకన్నా వేగంగా వాడొచ్చు, కాస్త ఏర్పాటు చేసుకుంటే చాలు. షియాన్‌హాన్ పిన్యిన్ అక్షరక్రమంలో ఉంటుంది. ఒకే పలుకున్న అక్షరాలు ముందు టోన్ (పలికేటప్పుడు గొంతు ఎత్తే, దించే తీరు) వరసలో, టోన్ కూడా ఒకటే అయితే గీతల సంఖ్య వరసలో వస్తాయి. ఒక్కో అక్షరం కింద దానితో మొదలయ్యే మాటలుంటాయి. పుస్తకం ముందు భాగంలో పలుకుల పట్టిక ఉంటుంది, ఏ పలుకు ఏ పేజీలో మొదలవుతుందో చెప్తుంది. దాన్ని తీసి పీడీఎఫ్‌లో బుక్‌మార్కులుగా పెట్టుకోండి. పుస్తకం పేజీ నంబరుకీ పీడీఎఫ్ పేజీ నంబరుకీ తేడా ఉంటుంది, ఎందుకంటే ముందుమాటలు, సూచికలు వేరే నంబర్లతో ఉంటాయి. ఆ తేడా ఎంతో ఒకసారి లెక్కేసి, పుస్తకం మొదట్లో, మధ్యలో, చివర్లో మూడుచోట్ల సరిచూడండి. స్కాన్ చేసినప్పుడు పేజీ ఎగిరిపోయినా, ఒకటే రెండుసార్లు పడినా అక్కడ బయటపడుతుంది. ఇది ఒక మధ్యాహ్నం పని. ఆ తర్వాత ఏ మాటకైనా రెండు మూడు నొక్కుళ్ళలో పేజీకి చేరతారు.

పలుకు తెలియని అక్షరం వస్తే? పుస్తకంలో దానికి రాడికల్ (అక్షరంలోని మూలభాగం) సూచిక ఉంది. 2009లో చైనా ప్రభుత్వం ఖరారు చేసిన 201 రాడికల్స్ పద్ధతిని కొత్త ముద్రణలు పాటిస్తాయి. పీడీఎఫ్‌లో ఆ సూచిక తిరగేయడం మాత్రం చాలా విసుగు. ఫోన్లో వేలితో అక్షరం గీసి ప్లెకోలో పలుకు తెలుసుకుని, ఆ పలుకుతో పీడీఎఫ్‌లోకి వెళ్ళండి. గీసేటప్పుడు గీతల వరస సరిగ్గా ఉంటే యాప్ తొందరగా పట్టుకుంటుంది. ఇక ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే మాటలు ఈ వరసలో ఉండవు, పుస్తకం చివర విడిగా ఉంటాయి. ఆరో ముద్రణలో అలాంటివి 239 చేర్చినందుకు అక్కడి పండితులు కొందరు గట్టిగానే అభ్యంతరం చెప్పారు.

అసలు విషయం ఇప్పుడు. పేజీ బొమ్మనే ఎందుకు నమ్మమంటున్నానంటే, షియాన్‌హాన్‌లో సగం సమాచారం చిన్న చిన్న గుర్తుల్లో ఉంటుంది. టెక్స్ట్ చేసేటప్పుడు ముందుగా పోయేవి అవే.

'జియాన్‌మియాన్' తీసుకోండి. కలుసుకోవడం అని అర్థం. ఇంగ్లీషు అర్థం చూసినవాళ్ళు వెంటనే 'వో జియాన్‌మియాన్ తా' అని రాసేస్తారు, నేను అతన్ని కలిశాను అనుకుని. చైనీస్‌లో అది తప్పు. షియాన్‌హాన్ పేజీలో ఈ మాట పిన్యిన్ మధ్య రెండు వాలు గీతలు (//) ఉంటాయి. దానర్థం ఈ మాట విడిపోతుంది, మధ్యలో వేరే మాట దూరుతుంది అని. 'జియాన్' చూడటం, 'మియాన్' ముఖం. ముఖం అనే కర్మ మాటలోపలే ఉంది కాబట్టి దాని తర్వాత ఇంకో కర్మ పెట్టకూడదు. 'వో గెన్ తా జియాన్ లె మియాన్' అనాలి. ఆ రెండు గీతలు చూసినవాళ్ళకి ఈ సంగతంతా ఒక్క చూపులో తెలిసిపోతుంది. నిద్రపోవడం, సాయం చేయడం, పెళ్ళి చేసుకోవడం, స్నానం చేయడం లాంటి రోజువారీ మాటలు చాలా ఈ జాతివే. నేను చూసిన టెక్స్ట్ ప్రతుల్లో కొన్నింట్లో ఆ గీతలు మామూలు ఖాళీగా మారిపోయాయి, కొన్నింట్లో అసలే లేవు.

రెండో గుర్తు, పిన్యిన్ మధ్యలో ఉండే చుక్క. దాని తర్వాతి పలుకుని తేలిగ్గా, టోన్ లేకుండా పలకాలని సూచన. 'దోంగ్‌షీ' రెండు పలుకులూ మొదటి టోన్‌లో పలికితే తూర్పు పడమరలు. చుక్క పెట్టి రెండోదాన్ని తేల్చి పలికితే వస్తువు అని అర్థం. అక్షరాలు రెంటికీ ఒకటే, పుస్తకంలో ఆరోపాలు రెండు. కొన్ని మాటలకి చుక్కా ఉంటుంది, టోన్ గుర్తూ ఉంటుంది. సాధారణంగా తేలిగ్గా పలుకుతారు, ఒక్కోసారి పూర్తి టోన్‌తోనూ పలుకుతారు అని దాని భావం. ఎందుకంటే అనే అర్థంలో వాడే 'యిన్‌వేయ్' అలాంటిది. ఓసీఆర్‌కి ఈ చుక్క కాగితం మీద మరకలాగే కనిపిస్తుంది.

మూడోది, అక్షరం భుజాన ఉండే చిన్న అంకె. ఒకే రాత, ఒకే పలుకు, కానీ ఒకదానితో ఒకటి సంబంధం లేని అర్థాలు ఉంటే వాటిని వేరువేరు ఆరోపాలుగా విడగొట్టి అంకెలు వేస్తారు. టెక్స్ట్‌లో అవి కలిసిపోయి ఒకే పెద్ద జాబితా అయిపోతాయి, లేదా పై అంకె అర్థం నంబరుతో కలిసి గందరగోళమవుతుంది. ఒకే అక్షరానికి వేరే పలుకు కూడా ఉంటే 'ఫలానా పేజీ కూడా చూడు' అని ఆరోపం చివర ఉంటుంది. నడవడం అన్నప్పుడు 'షింగ్', వరస లేదా వ్యాపార రంగం అన్నప్పుడు 'హాంగ్' అని పలికే అక్షరం మీకు తెలుసు. బ్యాంకు అనే మాటలో దాన్ని హాంగ్ అనే పలకాలి. పొడుగు అన్నప్పుడు 'ఛాంగ్', పెరగడం లేదా పెద్ద అధికారి అన్నప్పుడు 'ఝాంగ్' అనేది ఇంకోటి. ఆ పేజీ సూచన లేని ప్రతిలో ఒక పలుకు చూసి ఆగిపోతే, రెండోది ఉందన్న సంగతే తెలియదు.

ఇవి కాక మొనదేలిన బ్రాకెట్లలో ఒక్క అక్షరం ఉంటుంది: మాండలికం, గ్రాంథికం, వాడుకభాష అని. ఒప్పంద పత్రంలో రాయాల్సిన మాటకీ వీధిలో అనాల్సిన మాటకీ తేడా అక్కడే తెలుస్తుంది. ఇలాంటి గుర్తులన్నిటికీ అర్థం పుస్తకం ముందున్న 'ఫాన్‌లీ' అనే నాలుగైదు పేజీల్లో ఉంది. ఎండీఎక్స్‌లలో అది దాదాపుగా ఉండదు. మీ పీడీఎఫ్‌లో ఉంటుంది. ముందు దాన్ని కూర్చుని చదవండి. మీ స్థాయిలో కష్టంగానే ఉంటుంది, అయినా ఒక్కో వాక్యం పట్టుకుని పూర్తిచేయండి. ఆ తర్వాత ఈ పుస్తకాన్ని చూసే తీరే మారిపోతుంది.

అయితే టెక్స్ట్ ప్రతి దండగా? కాదు. పుస్తకంలో ఎన్నటికీ చేయలేని పని ఒకటి దానితో చేయొచ్చు: నిఘంటువు మొత్తంలో వెతకడం. 'హెతోంగ్' అంటే ఒప్పందం. దాన్ని ఆరోపంగా కాకుండా అర్థాల్లో, ఉదాహరణల్లో వెతకండి. గోల్డెన్‌డిక్ట్ లాంటి ప్రోగ్రాముల్లో ఈ పూర్తిపాఠ వెతుకులాట ఉంది. ఒప్పందం మీద సంతకం చేయడం, అమలుచేయడం, రద్దుచేయడం లాంటి క్రియల్లో వేటి కింద ఆ మాట ఉదాహరణగా వచ్చిందో బయటపడుతుంది. ఏ మాట పక్కన ఏ మాట ఒదుగుతుందో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. ఒక్క జాగ్రత్త. ఉదాహరణల్లో ఆ ఆరోపం ఉండాల్సిన చోట మాటకి బదులు అల గీత (～) ఉంటుంది. కాబట్టి ఏదైనా క్రియని దాని ఉదాహరణల్లో వెతికితే దొరకదు. అల గీత, దాని వెంట మీకు కావలసిన రెండో మాట ఇచ్చి వెతకాలి. ఇది తెలియక, ఈ నిఘంటువులో ఉదాహరణలే లేవని చాలామంది అనుకుంటారు.

వెతికేటప్పుడు పిన్యిన్‌తో కాకుండా చైనీస్ అక్షరంతోనే వెతకండి. చైనా అచ్చుల్లో పిన్యిన్ 'ఎ' (a) అక్షరాన్ని చేతిరాతలోలాగా గుండ్రంగా వేస్తారు. కొన్ని ఫైళ్ళలో దానికి యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే పద్ధతి) వేరే కోడ్ వాడతారు. మీరు కీబోర్డుతో కొట్టే 'ఎ' దానితో కలవదు. పైగా టోన్ గుర్తులే ఓసీఆర్ ఎక్కువగా తప్పు చదివే భాగం. చైనీస్ అక్షరాల్లోనూ పోలికలున్న వాటి దగ్గర జాగ్రత్త. 'తాను' అనే అర్థమిచ్చే 'జీ', 'ఇప్పటికే' అనే అర్థమిచ్చే 'యీ' మధ్య తేడా ఎడమపక్క గీత ఎంతవరకు పైకి వెళ్ళిందన్నదే. 'ఇంకా కాలేదు' అనే 'వేయ్'లో పై అడ్డగీత పొట్టి, 'చివర' అనే 'మో'లో పై అడ్డగీత పొడుగు. ఇలాంటి మాట తారీఖులోనో షరతులోనో వస్తే ఆ పేజీ బొమ్మ చూడకుండా నేను ముందుకు వెళ్ళను.

మీరు చెప్పిన ఖాళీ డబ్బాల సంగతి. డబ్బా కనిపిస్తే సంతోషించండి, చాలావరకు అక్షరం ఫైలులో క్షేమంగా ఉన్నట్టే, మీ ఫోన్లో దానికి ఫాంటు లేదంతే. అరుదైన అక్షరాలకి యూనికోడ్ తర్వాత్తర్వాత అనుబంధాలు చేర్చుకుంటూ వచ్చింది. 2001లో వచ్చిన ఒక్క అనుబంధం బీలోనే అప్పట్లో 42,711 అక్షరాలున్నాయి. మామూలు ఫాంట్లలో అవన్నీ ఉండవు. విస్తృతమైన ఫాంటు వేసుకుంటే డబ్బాలు పోతాయి. డబ్బా బదులు ప్రశ్నార్థకం కనిపిస్తే మాత్రం ఫైలు మార్చేటప్పుడు అక్షరం పోయింది, ఇక రాదు. పేజీ మొత్తం అర్థంపర్థంలేని గుర్తులతో నిండితే ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని కోడ్‌గా మార్చే పద్ధతి, తప్పు. అనూ ఫాంట్లలో కొట్టిన పాత తెలుగు ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. పాత చైనీస్ ఫైళ్ళని జీబీ18030గా తెరిచి చూడండి. 1980 నాటి జీబీ2312, తర్వాతి జీబీకే రెండూ అందులో ఇమిడిపోతాయి. తైవాన్ నుంచి వచ్చిన పాత ఫైలైతే బిగ్5 అని పెట్టాలి.

ఇంకో చిక్కు కంటికి కనిపించదు. యూనికోడ్‌లో పాత కాంగ్‌షీ నిఘంటువు వాడిన 214 రాడికల్స్‌కి విడిగా ఒక వరస ఉంది. 'మనిషి' అక్షరం మామూలు వరసలోనూ ఉంది, ఈ రాడికల్ వరసలోనూ ఉంది, చూడటానికి రెండూ ఒకటే. కొన్ని పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేస్తే రాడికల్ కోడ్ వస్తుంది, దాన్ని నిఘంటువులో వెతికితే ఏమీ దొరకదు. అంత తేలికైన మాట కూడా లేదేమిటి అనిపించినప్పుడు కాపీ చేసిన అక్షరాన్ని తీసేసి, మీరే కీబోర్డుతో కొట్టి చూడండి.

అక్షరం ఆకారం కూడా గమనించండి. చైనా, జపాన్, కొరియాల ఉమ్మడి అక్షరాలకి యూనికోడ్ ఒకే కోడ్ ఇచ్చింది, ఏ దేశపు తీరులో చూపించాలో ఫాంటు నిర్ణయిస్తుంది. ఫోన్ భాష ఇంగ్లీషో తెలుగో అయితే ఒక్కోసారి జపాన్ తీరు వచ్చేస్తుంది. 'ఎముక' అనే 'గూ' అక్షరం చూడండి. పైభాగం లోపలున్న చిన్న మూల చైనా సరళ లిపిలో ఎడమవైపు ఉంటుంది, జపాన్ తీరులో కుడివైపు. నేర్చుకునేవాళ్ళు తప్పు ఆకారం కంఠస్థం చేస్తే గీతల వరసా తప్పుతుంది. ఫోన్ సెట్టింగుల్లో భాషల జాబితాలో సరళ చైనీస్‌ని రెండో భాషగా చేర్చండి, చాలావరకు సర్దుకుంటుంది.

యాప్‌లోని అరడజను అర్థాల గురించి అడిగారు. ప్లెకోలో ప్రతి అర్థం పక్కన అది ఏ నిఘంటువు నుంచి వచ్చిందో పొట్టి గుర్తు ఉంటుంది. ముందు అది చూడటం అలవాటు చేసుకోండి. సీసీ-సెడిక్ట్‌కి మూలమైన సెడిక్ట్‌ని 1997లో పాల్ డెనిసోవ్‌స్కీ అనే ఆయన మొదలుపెట్టారు. ఇప్పుడు స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు పెంచుతున్నారు, లక్షా ఇరవైవేలు దాటిన ఆరోపాలున్నాయి, ఎవరైనా వాడుకోవచ్చు. నిజంగా గొప్ప పని అది. కొత్త మాటలు, ఊర్ల పేర్లు, కంపెనీల పేర్లు షియాన్‌హాన్‌లో లేనివి అందులో దొరుకుతాయి. కానీ అది ఇంగ్లీషు సమానార్థకాల వరస మాత్రమే. ఉదాహరణ వాక్యాలుండవు, ఇందాక చెప్పిన వాలు గీతలుండవు. మాట ఏమిటో చెప్తుంది, వాక్యంలో ఎలా కూర్చోబెట్టాలో చెప్పదు. దాన్ని గుర్తుపట్టడానికి వాడండి, రాయడానికి వాడకండి.

తైవాన్ విద్యాశాఖ నిఘంటువు కూడా నెట్‌లో ఉచితంగా ఉంది. దాని ఆధారంగా 2013లో ఆడ్రీ టాంగ్, మరికొందరు స్వచ్ఛంద ప్రోగ్రామర్లు చేసిన 'మోయెడిక్ట్' చాలా సొగసుగా, నెట్ లేకుండా కూడా పనిచేస్తుంది. సంప్రదాయ లిపి (సరళం చేయని పాత రూపం) నేర్చుకునేవాళ్ళకి ముందు దాన్నే చెప్తాను. మీరు చైనా ప్రమాణంలో పరీక్ష రాస్తున్నారు కాబట్టి పలుకుల విషయంలో జాగ్రత్తపడండి. సంస్థ, వ్యాపారం అనే అర్థమున్న 'చీయే'లో మొదటి పలుకు చైనాలో మూడో టోన్, తైవాన్‌లో నాలుగో టోన్. చెత్తని చైనాలో 'లాజీ' అంటారు, అవే అక్షరాల్ని తైవాన్‌లో 'లెసె' అని చదువుతారు. అలాగే ఎవరైనా షియాన్‌హాన్ టెక్స్ట్‌ని ప్రోగ్రాముతో సంప్రదాయ లిపిలోకి మార్చిన ప్రతి ఇస్తే తీసుకోకండి. సరళ లిపిలో 'ఫా' అనే ఒక్క అక్షరం, సంప్రదాయ లిపిలో రెండు: పంపడం ఒకటి, జుట్టు ఒకటి. ప్రోగ్రాము ఒకదాని బదులు ఇంకోటి పెట్టేస్తుంది. అచ్చు షియాన్‌హాన్‌లో ఆరోపం పక్కన బ్రాకెట్లో సరైన సంప్రదాయ రూపం ఉంటుంది.

మన తెలుగువాళ్ళకి పనికొచ్చే సంగతి ఒకటి. పిన్యిన్‌లో 'బి', 'డి', 'జి' అని కనిపించే అక్షరాల్ని ఇంగ్లీషులోలాగా బ, డ, గ అని చదవకండి. అవి ప, త, క లకి దగ్గర. 'పి', 'టి', 'కె' అంటే వాటి ఒత్తు రూపాలు ఫ, థ, ఖ (ఈ ఫ ని పెదాలు మూసి పలకాలి, ఫోన్‌లో ఫ లాగా కాదు). పెయ్‌చింగ్ అంటే చైనావాళ్ళ చెవికి బీజింగ్ కన్నా దగ్గరగా ఉంటుంది. 'జెడ్' అక్షరానికి ఇంగ్లీషువాళ్ళు అవస్థ పడతారు, మనకి అది చాలు, చుక్క అనే మాటల్లో పళ్ళ దగ్గర పలికే చ. 'సి' దాని ఒత్తు రూపం. ఈ పట్టిక రాసి ఫోన్ వెనక అంటించుకున్నా తప్పులేదు. యాప్‌లో వినేటప్పుడు మనిషి గొంతుతో రికార్డు చేసినదాన్ని ఎంచుకోండి. యంత్రం గొంతు రెండు పలుకులున్న అక్షరాల దగ్గర ఒక్కోసారి తప్పు పలుకు ఎంచుకుంటుంది. నిఘంటువు సాధారణంగా అసలు టోన్ మాత్రమే ఇస్తుందని, మాటలో కలిసినప్పుడు మారే టోన్ రాయదని కూడా గుర్తుంచుకోండి.

మీ సొంత నోట్సు ఇంగ్లీషులో కాకుండా తెలుగులో రాసుకోమని గట్టిగా చెప్తాను. ఉత్తర చైనా మాటల్లో 'వోమెన్', 'జాన్‌మెన్' అని రెండున్నాయి. యాప్ రెండింటికీ ఒకటే ఇంగ్లీషు మాట చూపి, బ్రాకెట్లో వివరణ ఇస్తుంది. మనకి వివరణే అక్కర్లేదు. 'జాన్‌మెన్' మనం. 'వోమెన్' ముఖ్యంగా మేము, మనం అన్న చోట కూడా వాడతారు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి, పెదనాన్న, బాబాయి, మేనమామ, మేనత్త అందరికీ చైనీస్‌లో వేరువేరు పిలుపులున్నాయి. ఇంగ్లీషు మీదుగా వస్తే వీళ్ళంతా కలిసిపోతారు.

పాత సాహిత్యం జోలికి వెళ్తే 1716లో పూర్తయిన కాంగ్‌షీ నిఘంటువు అవసరమవుతుంది. 47,035 అక్షరాలు. కాపీరైటు లేదు, స్కాన్‌లు ఎక్కడైనా దొరుకుతాయి. చైనీస్ అక్షరాల వివరాలిచ్చే యూనికోడ్ వారి యూనిహాన్ డేటాబేస్‌లో చాలా అక్షరాలకి కాంగ్‌షీ పేజీ నంబరు ఉంది. 'ఒకటి' అక్షరానికి 0075.010 అని ఉంటుంది: 75వ పేజీలో మొదటి అక్షరం అని, చివరి సున్నా అంటే ఆ అక్షరం నిజంగానే పుస్తకంలో ఉందని. ఈ పేజీలు 1989లో ఝోంగ్‌హువా ప్రచురణ సంస్థ బీజింగ్‌లో వేసిన ప్రతివి. మీ స్కాన్ వేరేదైతే నంబర్లు కలవవు. అందులో పిన్యిన్ ఉండదు, రెండక్షరాలు కలిపి పలుకు సూచించే పాత పద్ధతి ఉంటుంది. 1831లో వాంగ్ యిన్‌జీ అనే పండితుడు అందులో 2,588 తప్పులు చూపించారు. అందుకని అందులోని పాత గ్రంథాల ఉల్లేఖనల్ని మూలంతో సరిపోల్చకుండా వాడకండి. మీకు ఇప్పుడే దీని అవసరం లేదు.

చివరగా కొనే సంగతి. మీ పీడీఎఫ్, ఎండీఎక్స్ రెండూ ప్రచురణకర్త అనుమతితో తిరుగుతున్నవి అయ్యుండవు. షియాన్‌హాన్‌కి కాపీరైటు ఉంది, తరాల పండితుల శ్రమ అది. ఇష్టపడి వాడుతున్నప్పుడు డబ్బు చెల్లించి వాడటమే న్యాయం. చైనాలో 2019లో అధికారిక యాప్ వచ్చింది, అప్పటి ధర 98 యువాన్లు. షిన్హువా జిదియన్ యాప్ 2017లో వచ్చింది. రోజుకి రెండక్షరాలే ఉచితం, పూర్తిగా కావాలంటే 40 యువాన్లు అన్నందుకు అక్కడ పెద్ద చర్చే నడిచింది. మన దగ్గర నుంచి సులువైన దారి, ప్లెకోలో అదనంగా అమ్మే 'షియాన్‌దాయ్ హాన్యూ గుయ్‌ఫాన్ సిదియన్'. పేరు దగ్గరగా ఉన్నా ఇది షియాన్‌హాన్ కాదు. లీ షింగ్‌జియాన్ సంపాదకత్వంలో 2004లో వచ్చిన వేరే నిఘంటువు. చైనీస్‌లోనే అర్థాలు, వ్యాకరణ గుర్తులు, ఉదాహరణలు అన్నీ ఉన్నాయి, సరిచూసిన టెక్స్ట్. మీ స్థాయికి ముందు ఇది కొనండి.

అచ్చు పుస్తకం అంటారా, ఒప్పందాలో మాన్యువల్సో అనువదించే ఉద్దేశం ఉంటే షియాన్‌హాన్ ఏడో ముద్రణ కొనండి. చైనాలో మెడిసిన్ చదువుతున్న మనవాళ్ళెవరైనా సెలవులకి వస్తుంటే తెప్పించుకోండి, బరువైన పుస్తకం కాబట్టి ముందే చెప్పాలి. పరీక్ష వరకే అయితే అక్కర్లేదు. కొనేటప్పుడు వెనక ప్రచురణ వివరాల్లో కమర్షియల్ ప్రెస్ పేరు, 2016, ఏడో ముద్రణ అని ఉన్నాయో లేదో చూసుకోండి. నకిలీ ముద్రణలు ఉంటాయి, వాటిలో టోన్ గుర్తులు అలికినట్టుంటాయి. మీ పీడీఎఫ్ ఏ ముద్రణో ఇంకా తేలకపోతే గేలీ దొరికిందో లేదో, వ్యాకరణ గుర్తులున్నాయో లేదో రాయండి, చూసి చెప్తాను.